మే నెలలో ఉండలేని ఇళ్ళకి ప్లాన్ ఎలా పాసవుతోంది?

సంపాదకులు గారికి నమస్కారం,

ఎండలు మొదలైతే మీ పేపర్ లో రోజూ ఏ ఊళ్ళో ఎన్ని డిగ్రీలు అని మొదటి పేజీలోనే వేస్తారు, లోపలేమో మజ్జిగ తాగండి, పన్నెండు నుంచి నాలుగు దాకా ఇంట్లోంచి కదలకండి అని డాక్టర్ల సలహాలు వేస్తారు. అవన్నీ అవసరమే, కాదనట్లేదు. కానీ కదలకుండా కూర్చోమని చెప్తున్న ఆ ఇల్లు లోపల ఎంత వేడిగా ఉందో మాత్రం ఏ పేపరూ రాయట్లేదు, ఏ ఆఫీసరూ కొలవట్లేదు. నేను విజయవాడలో చాలా ఏళ్ళుగా ఇళ్ళ ప్లాన్లు గీసి అప్రూవల్ కి పెట్టే పని చేస్తున్నా, ఎల్టీపీ అంటారు మమ్మల్ని. ఆ అనుభవంతోనే ఒక్క విషయం గట్టిగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నా. మన దగ్గర ప్లాన్ పాసవడానికి సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, చూస్తారు, ఎత్తు చూస్తారు, పార్కింగ్ చూస్తారు, రోడ్డు వెడల్పు చూస్తారు, ఇంకుడు గుంట చూస్తారు, ఫీజులు కట్టారా లేదా చూస్తారు, ఆ ఇంట్లో ఏసీ లేకుండా మే నెలలో మనిషి ఉండగలడా అన్నది మాత్రం చూడరు. చూడాలి. అదీ పెద్ద పెద్ద టవర్లకే కాదు, నూట యాభై గజాల ఇంటికి కూడా చూడాలి.

ముందు కిటికీ సంగతి చెప్తా, ఎందుకంటే అందరూ దాన్ని చిన్న విషయం అనుకుంటారు. ఉక్కపోత ఎక్కువుండే ప్రాంతాల్లో గది విస్తీర్ణంలో ఆరో వంతు కిటికీలు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ లో ఎప్పటినుంచో ఉంది. 2018 లో కేంద్రం ప్రత్యేకంగా ఇళ్ళ కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత ఇంకో అడుగు ముందుకేసి, కిటికీ సైజు కాదు అందులో తెరుచుకునే భాగం ఎంతో లెక్కపెట్టమంది. మన విజయవాడ, వైజాగ్ లాంటి ఉక్క ఊళ్ళకి ఫ్లోర్ ఏరియాలో 16.66 శాతం, హైదరాబాద్ లాంటి చోట్లకి 12.5 శాతం తెరుచుకోవాలి అంది. ఇప్పుడు మన ఫ్లాట్ లెక్క చూడండి. పది బై పన్నెండు బెడ్‌రూమ్ అంటే 120 ఎస్‌ఎఫ్‌టీ, ఆరో వంతు అంటే 20 ఎస్‌ఎఫ్‌టీ తెరుచుకోవాలి. మనవాళ్ళు పెట్టేది నాలుగు బై నాలుగు యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) స్లైడింగ్ కిటికీ, చూడ్డానికి 16 ఎస్‌ఎఫ్‌టీ, కానీ స్లైడింగ్ లో ఒక అద్దం ఇంకో అద్దం వెనక్కి పోవాలి కాబట్టి ఎంత తీసినా సగమే తెరుచుకుంటది, అంటే 8. దానికి దోమల మెష్ వేస్తే ఆ వచ్చే గాలి కూడా తగ్గిపోద్ది. కావాల్సింది 20, ఉన్నది 8, ప్లాన్ మాత్రం పాస్. మా నాన్న వాళ్ళ తరంలో పెట్టిన టేకు కిటికీలకి పైన రెండు, కింద రెండు రెక్కలు ఉండేవి, అన్నీ బయటికి పూర్తిగా తెరుచుకునేవి, కింది రెక్కలు మూసి పై రెక్కలు తీసుకునే వీలు కూడా ఉండేది. ఇప్పుడు చెక్క ఖరీదు, చెదలు, అవన్నీ నాకు తెలుసు, చెక్కే పెట్టమనట్లేదు, యూపీవీసీ లోనే రెక్కలు తెరుచుకునే రకం దొరుకుతుంది, కాస్త ఎక్కువవుద్ది అంతే. ఆ కాస్త ఎక్కువ పెట్టాల్సిన అవసరం ఉందని కొనేవాడికి చెప్పేవాళ్ళు లేరు, బిల్డర్ ని అడిగేవాళ్ళు లేరు.

ఇంకోటి, గాలి లోపలికి రావాలంటే బయటికి పోయే దారి కూడా ఉండాలి. పాత ఇళ్ళల్లో వీధి గుమ్మంలో నిలబడితే పెరట్లో బావి కనపడేది, గోదావరి జిల్లాల మండువా ఇళ్ళల్లో అయితే వేడి గాలి మధ్యలో మండువా లోంచి పైకి పోయేది. ఇప్పటి గ్రూప్ హౌస్ ప్లాన్ ఒకటి తీసి చూడండి, మధ్యలో కారిడార్, దానికి ఇటూ అటూ వరసగా ఫ్లాట్లు, చివర ఉన్నవి తప్ప మిగతా ప్రతి ఫ్లాట్ కి ఒక వైపే బయటి గోడ, రెండో వైపు కారిడార్, మూడో వైపు పక్కింటి వాళ్ళ బెడ్‌రూమ్, నాలుగో వైపు లిఫ్టో, గాలి కోసమని పైదాకా వదిలే ఇరుకు డక్టో. బాత్రూమ్ కిటికీలు, వంటగది ఎగ్జాస్ట్ అన్నీ ఆ ఒక్క డక్ట్ లోకి. హాల్లో కిటికీ తీసినా గాలి వెళ్ళడానికి దారి లేదు, మెయిన్ డోర్ తీసి పెట్టుకోవాలి, సేఫ్టీ కోసం అదీ తియ్యరు. కార్నర్ ఫ్లాట్ కి రేటు ఎక్కువ ఎందుకో అందరికీ తెలుసు, రెండు వైపుల గాలి కాబట్టి. అంటే గాలి ఇప్పుడు అదనంగా డబ్బు పెట్టి కొనుక్కునే ఫెసిలిటీ అయిపోయింది, మిగతా ఫ్లాట్ల వాళ్ళకి అది లేకపోయినా ఆ బిల్డింగ్ కి అనుమతి వస్తోంది.

ఇక్కడ వాస్తు గురించి కూడా చెప్పాలి, కొంతమందికి నచ్చకపోవచ్చు. నేను వాస్తుని తిట్టే మనిషిని కాదు, మా క్లయింట్లందరూ చూపించుకుంటారు, నేనూ వాళ్ళు చెప్పినట్టే గుమ్మాలు మారుస్తా. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. ఉత్తరం తూర్పు ఎక్కువ వదలాలి, దక్షిణం పడమర తక్కువ వదలాలి అని అందరూ పట్టుకున్నారు, దాంతో దక్షిణం వైపు గోడ దాదాపు పక్కింటి గోడకి ఆనుకుంటోంది, అటు కిటికీ ఉంటే చిన్నది, లేకపోతే అసలు లేదు. మన కృష్ణా డెల్టాలో ఎండాకాలం సాయంత్రాలు చల్లగా వచ్చే పైరగాలి దక్షిణం నుంచే వస్తది. పగలంతా వడగాలి కొట్టి కొట్టి, పొద్దు వాలాక మనకి దొరికే ఒకే ఒక్క ఊరట అది. దానికి ఎదురుగా మనం గోడ కట్టుకుంటున్నాం. పైగా మన అక్షాంశం పదహారున్నర డిగ్రీలు, మే మొదటి వారంలో సూర్యుడు మన నడినెత్తిన ఉంటాడు, అక్కణ్ణుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం పూట నెత్తికి ఉత్తరంగానే ఉంటాడు, అంటే మండే రోజుల్లో దక్షిణం గోడ మీద ఎండ చాలా తక్కువ పడుద్ది. దక్షిణం కిటికీ ఎండాకాలంలో గాలినిస్తది, ఎండ ఇవ్వదు, చలికాలంలో వాలుగా వచ్చే ఎండని ఆపడానికి చిన్న సన్‌షేడ్ చాలు. వాస్తు పాటిస్తూనే దక్షిణం వైపు పెద్ద కిటికీలు పెట్టిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి, అదేం అసాధ్యం కాదు. ప్లాన్ గీసే రోజు ఎవరో ఒకరు ఆ మాట ఎత్తాలి అంతే.

అసలు దెబ్బ కొట్టేది పడమటి గోడ, పైకప్పు. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా పడమటి గోడ మీద ఎండ నేరుగా పడుద్ది, ఆ వేడి గోడ దాటి లోపలికి రావడానికి కొన్ని గంటలు పడుద్ది కాబట్టి రాత్రి తొమ్మిది పది అయ్యేసరికి, సరిగ్గా పడుకునే టైమ్ కి, ఆ గోడ లోపలికి వేడి వదలడం మొదలుపెడుద్ది. పాత తొమ్మిది అంగుళాల ఇటుక గోడకే ఇది తప్పేది కాదు, ఇప్పుడు పెద్ద ప్రాజెక్టులు చాలావరకు మివాన్ షటరింగ్ లో, అంటే అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీట్ పోసి కడుతున్నారు, గోడలన్నీ ఆరంగుళాల కాంక్రీట్. కాంక్రీట్ లోంచి వేడి మామూలు ఎర్ర ఇటుక కన్నా సుమారు రెట్టింపు తేలిగ్గా దాటుద్ది, పైగా మందం తక్కువ. మివాన్ లో మంచి ఉంది, తొందరగా అయిపోద్ది, గోడలు సాఫీగా వస్తాయి, లీకులు తక్కువ, బలంగా ఉంటది, అవన్నీ నిజమే. కానీ పడమటి వైపు ఆ గోడ బయట ఇంకో పొరో, షేడో, జాలీయో, కనీసం బాల్కనీయో లేకుండా వదిలేస్తే ఆ బెడ్‌రూమ్ లో ఏసీ లేకుండా పడుకోలేం. లోపల గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ బ్లాకులైతే వేడిని బాగా ఆపుతాయి, మన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బూడిదతో చేసే ఇటుకలు ఊరంతా దొరుకుతున్నాయి, ఏ వైపు గోడకి ఏది వాడాలి అని కాస్త ఆలోచిస్తే పెద్ద ఖర్చు లేకుండానే తేడా వస్తది. ఆలోచించడానికే టైమ్ ఇవ్వరు, ప్లాన్ రేపటికల్లా కావాలి అంటారు.

పైకప్పు సంగతి పై ఫ్లోర్ లో ఉండేవాళ్ళని అడగండి. మే నెల మధ్యాహ్నం డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడలేం, ఆ స్లాబ్ కిందే మనం పడుకుంటున్నాం. రాయలసీమ మిద్దెల మీద చవుడు మట్టి మందంగా వేసేవాళ్ళు, మన వైపు పెంకుటిళ్ళల్లో పెంకుల సందుల్లోంచి వేడి గాలి పైకి పోయేది, పాత డాబాలకి సున్నం గచ్చు ఉండేది. ఆర్‌సీసీ స్లాబ్ వచ్చాక అవన్నీ పోయాయి, స్లాబ్ మీద ఏదో ఒకటి వెయ్యాలన్న ఆలోచన కూడా పోయింది. తెల్ల కూల్ పెయింట్ వేసినా, కనీసం ఏటా మార్చిలో సున్నం కొట్టినా, పాత పెంకు టైల్స్ ముక్కలు పరిచినా ఇంట్లో తేడా తెలుస్తది, వేయించుకున్నవాళ్ళు ఎవరైనా చెప్తారు.

ఇన్ని చెప్తే చాలామంది అనే మాట ఒకటే, ఏసీ ఉందిగా అని. ఉన్నవాళ్ళకి ఉంది. మనవైపు రెండొందల గజాల ప్లాటుకి రూల్ ప్రకారం పక్కన వదలాల్సింది మీటరు, ఇటు మీటరు అటు మీటరు కలిపి ఆరున్నర అడుగుల సందు, అదీ ఇద్దరూ నిజాయితీగా వదిలితే. ఆ సందులోకే రెండు బిల్డింగుల ఏసీ అవుట్‌డోర్ యూనిట్లన్నీ బిగిస్తారు. ఒకటిన్నర టన్ను ఏసీ ఫుల్లుగా నడిస్తే గదిలోంచి లాగిన వేడి, దాని కరెంటు వేడి కలిపి బయటికి ఆరున్నర ఏడు కిలోవాట్లు వదులుద్ది, అంటే ఆ సందులో ఆరేడు ఇస్త్రీ పెట్టెలు ఆపకుండా వేడెక్కి ఉన్నట్టే, ఒక్కో ఏసీకి. ఎదురింట్లో ఏసీ లేని వాళ్ళు కిటికీ తీస్తే వచ్చేది ఆ గాలే. వాళ్ళూ కిటికీ మూసేస్తారు, అప్పు చేసైనా వాళ్ళూ ఏసీ పెట్టిస్తారు, సందు ఇంకా వేడెక్కుద్ది. రూములకి పెట్టే ఏసీలు ఆన్ చెయ్యగానే 24 డిగ్రీల మీద ఉండాలని 2020 జనవరి నుంచి కేంద్రం రూల్ పెట్టింది, 20 కన్నా తగ్గకుండా చేసే ఆలోచన కూడా ఉందని 2025 లో కేంద్ర మంత్రి గారు చెప్పారు. మంచిదే, కరెంటు ఆదా అవుద్ది. ఏసీ ఎంత మీద పెట్టుకోవాలో ఢిల్లీ నుంచి చెప్పగలిగినప్పుడు అసలు ఏసీ అవసరం తగ్గే ఇల్లు కట్టించడం మన మున్సిపాలిటీ నుంచి ఎందుకు కాదు?

రూల్స్ అసలు లేవని కాదు, ఉన్నాయి, కానీ ఎవరికి వర్తిస్తున్నాయో చూస్తే బాధేస్తుంది. పైన చెప్పిన 2018 ఎకో నివాస్ సంహిత వర్తించేది 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, ఆ పైన ఉన్న ప్లాట్లకి. పక్క రాష్ట్రం తెలంగాణ 2023 ఏప్రిల్ లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, దేశంలో ఒక రాష్ట్రం ఇంత పెద్ద ఎత్తున చెయ్యడం గొప్ప విషయమే, మొత్తం 300 చదరపు కిలోమీటర్ల పైకప్పుల్ని చల్లబరచాలని లక్ష్యం పెట్టుకున్నారు. అందులో కూడా సొంత ఇళ్ళ విషయానికొస్తే తప్పనిసరి అన్నది 600 గజాలు, ఆ పైన ప్లాట్లకే, అంతకన్నా చిన్నవాటికి ఇష్టముంటే చేసుకోండి అని. విజయవాడలో 600 గజాల ఇల్లు ఎంతమందికి ఉంది చెప్పండి. సత్యనారాయణపురంలో, కొత్తపేటలో, సింగ్ నగర్ లో జనం ఉండేది డెబ్బై, నూరు, నూట యాభై గజాల్లో. వేడి ఎక్కువ తగిలేది వాళ్ళకి, ఏసీ కొనలేనిది వాళ్ళు, రూల్ మొదలయ్యేది మాత్రం వాళ్ళని దాటాక.

ప్రభుత్వమే కట్టిన ఇళ్ళు చూడండి. టిడ్కో ఇళ్ళు 300, 365, 430 ఎస్‌ఎఫ్‌టీ, జీ ప్లస్ త్రీ, గోడలన్నీ షియర్ వాల్ కాంక్రీట్. గట్టి ఇళ్ళే, పేదవాడికి తన పేరు మీద ఒక ఫ్లాట్ దొరకడం చిన్న విషయం కాదు, దాని మీద నాకు రెండో మాట లేదు. కానీ ఉక్కపోత ఊళ్ళో ఏసీ పెట్టుకోలేని మనిషికి కాంక్రీట్ గోడల ఇల్లు ఇస్తున్నప్పుడు పై ఫ్లోర్ స్లాబ్ కి తెల్ల పూత, పడమటి కిటికీలకి సరైన సన్‌షేడ్ అన్నవి ఎస్టిమేట్ లోనే ఉండాలి. తర్వాత వచ్చిన కాలనీల్లో టౌన్ లో అయితే సెంటు స్థలం, 48 గజాలు, అందులో 340 అడుగుల ఇల్లు, ఇల్లూ ఇల్లూ దగ్గర దగ్గరగా, వీధిలో నీడకి చెట్టు పెరిగే చోటు కూడా ఉండదు. ఇప్పుడు టౌన్లలో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామని ప్రభుత్వం అంటోంది, ఆ లేఅవుట్లు గీసేటప్పుడైనా వీధులు ఏ దిక్కుకి ఉండాలి, ఇళ్ళ పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలు చూడాలా తూర్పు పడమరలు చూడాలా అని ఒక్క రోజు కూర్చుని ఆలోచిస్తే దాని ఫలితం యాభై ఏళ్ళు ఉంటది, ఖర్చు రూపాయి కూడా పెరగదు. లేఅవుట్ అయిపోయి రోడ్లు పడ్డాక మనం ఏం చేసినా పడమటి ఎండని దక్షిణానికి తిప్పలేం.

కొండల మీద ఇళ్ళు ఇంకో కథ. మొగల్రాజపురం, చిట్టినగర్, గుణదల కొండల మీద రేకుల ఇళ్ళల్లో ఉండేవాళ్ళకి పైన రేకు, వెనక బండ, పగలంతా ఎండకి కాగిన బండ రాత్రంతా వేడి వదులుతూనే ఉంటది. 2024 ఆగస్టు ఆఖరి రోజు వానకి మొగల్రాజపురంలో కొండచరియ పడి మనుషులు పోయారు, అప్పుడు అందరం కొండల గురించి మాట్లాడాం, మర్నాటి నుంచే బుడమేరు వరద వచ్చి ఊరు మొత్తం అల్లాడింది. వాన వచ్చినప్పుడు కనిపించే ప్రమాదం కాబట్టి దాని మీద కమిటీలు, సర్వేలు. వేడికి గోడ కూలదు, నీళ్ళు రావు, కెమెరాకి కనపడదు. కానీ 2015 మే నెలలో ఒక్క మన రాష్ట్రంలోనే వడదెబ్బకి వెయ్యి మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది ఎండలో పని చేసే కూలీలు, ముసలివాళ్ళు. పగలు ఎండలో పనిచేసిన శరీరం రాత్రి చల్లబడాలి, రాత్రి కూడా గది చల్లబడకపోతే మర్నాడు ఆ మనిషి అదే అలసటతో మళ్ళీ ఎండలోకి వెళ్తాడు, అలా రెండు మూడు రోజులు గడిస్తే ప్రాణం మీదకి వస్తది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్ లో వడగాడ్పుల్ని విపత్తుగా ప్రకటించి, చనిపోయినవాళ్ళ కుటుంబానికి 4 లక్షలు ఇస్తామంది. ఇవ్వాల్సిందే, ఆ కుటుంబానికి ఆ డబ్బు అవసరం. విపత్తు అని ఒప్పుకున్నాక దానికి తట్టుకునే ఇల్లు కట్టించే బాధ్యత కూడా ప్రభుత్వాలదే కదా, రెండు రాష్ట్రాల్లోనూ. తుఫానుకి షెల్టర్లు కట్టుకున్నాం, భూకంపానికి స్లాబుల్లో స్టీలు లెక్క కడుతున్నాం, వేడికి లెక్క ఎందుకు కట్టకూడదు.

బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు మీద కొత్త షోరూములు, హాస్పిటళ్ళు, కాలేజీలు చూడండి, రోడ్డు వైపు మొత్తం అద్దం, మిగతాది ఏసీపీ అనే అల్యూమినియం షీట్. రోడ్డు పడమరకి ఉన్నా సరే అద్దమే. తెరుచుకునే కిటికీ ఒక్కటి ఉండదు, కరెంటు పోతే, జనరేటర్ ఆగితే, లోపల ఉన్నవాళ్ళకి గాలి లేదు, మంటొస్తే పొగ బయటికి పోదు. మన ఎండలకి అద్దం గోడలు వద్దని చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు, పాత ఆఫీసు బిల్డింగులకి వరండాలు, జాలీలు, లోతైన కిటికీలు ఎందుకు పెట్టారో ఆ వరండాలో మధ్యాహ్నం ఒక గంట కూర్చుంటే తెలుస్తది. బిల్డింగ్ కి క్లాస్ లుక్ రావాలంటే గ్లాసు కావాలి అని ఓనర్లు అడుగుతారు, మేం వేస్తాం, ఈ అలవాటు మారాలంటే ఒక్కో డిజైనర్ చెప్తే సరిపోదు, రూల్ చెప్పాలి.

అమరావతి గురించి రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను, ఎందుకంటే మన అదృష్టం కొద్దీ ఒక ఊరు మొత్తం మళ్ళీ మొదట్నుంచి గీసుకునే అవకాశం మనకొచ్చింది. 2025 మే 2 న ప్రధాని గారు వచ్చి పనులు మళ్ళీ ప్రారంభించారు, 217 చదరపు కిలోమీటర్ల రాజధాని, సెక్రటేరియట్ కి ఐదు టవర్లు. ఆ గవర్నమెంట్ కాంప్లెక్స్ కి విడివిడి ఏసీలు కాకుండా ఒకే చోట చల్లనీళ్ళు తయారుచేసి పైపుల్లో పంపే డిస్ట్రిక్ట్ కూలింగ్ కోసం 2019 లోనే యూఏఈ కంపెనీ తబ్రీద్ తో 20,000 టన్నుల కూలింగ్ కి ఒప్పందం చేసుకున్నారు, అంటే పెద్ద బిల్డింగులకి వేడి సమస్య ఉంటుందని మొదటి రోజే ఆలోచించారు, అది సంతోషం. అదే ఆలోచన రాజధానికి భూములిచ్చిన రైతులకి బదులుగా ఇచ్చిన రిటర్నబుల్ ప్లాట్లలో రేపు లేచే గ్రూప్ హౌసుల మీద, అక్కడ పనిచెయ్యడానికి వచ్చే వేలమంది కూలీల షెడ్ల మీద కూడా పెట్టాలి. ప్రపంచస్థాయి అని రోజూ వింటున్నాం. గుంటూరు జిల్లా ఎండలో, ఎండలకి పేరుపడ్డ రెంటచింతల ఉన్న పల్నాడు జిల్లా పక్కనే, కరెంటు బిల్లుకి భయపడకుండా సామాన్యుడు రాత్రి నిద్రపోగలిగే ఫ్లాట్ కట్టి చూపిస్తే, ఏ టవర్ ఎత్తు కన్నా నాకు అదే పెద్ద విషయం.

ఇవన్నీ అయ్యే పనులేనా అంటే, అవుతాయి. ఇప్పుడు మనం డ్రాయింగ్ ఆన్‌లైన్ లో పెడితే సాఫ్ట్‌వేరే సెట్‌బ్యాక్ సెంటీమీటర్లలో కొలిచి ఫెయిల్ అని చూపిస్తుంది. అదే సాఫ్ట్‌వేర్ కి ప్రతి గది ఏరియా తెలుసు, ప్రతి కిటికీ సైజు తెలుసు, తెరుచుకునే భాగం ఎంతో ఒక కాలమ్ పెడితే చాలు, ఆరో వంతు లేకపోతే ఫెయిల్ అని అది కూడా చూపిస్తుంది. హైరైజ్ కాని బిల్డింగులకి సెల్ఫ్ సర్టిఫికేషన్ వచ్చింది కాబట్టి మా ఎల్టీపీ లే సంతకం పెడుతున్నారు, ఆ సంతకం కింద ఈ బాధ్యత కూడా రాయండి, మేం మొయ్యడానికి సిద్ధంగా ఉండాలి. పడమటి వైపు సన్‌షేడ్లు, జాలీలు పెట్టుకునేవాళ్ళకి సెట్‌బ్యాక్ లెక్కలో ఇబ్బంది లేకుండా చూడండి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు పక్కింటి కిటికీ ఎదురుగా కాకుండా టెర్రస్ మీదో వేరే డక్ట్ లోనో పెట్టేలా ప్లాన్ లోనే చోటు చూపించమనండి. కూల్ రూఫ్ అన్నది ఇంటి సైజుతో సంబంధం లేకుండా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కి షరతుగా పెట్టండి, రేకుల ఇళ్ళకి మాత్రం మున్సిపాలిటీయే మార్చి నెలలో డ్రైవ్ పెట్టి ఉచితంగా తెల్ల పూత వేయించాలి, దోమల మందు కొట్టించే మున్సిపాలిటీకి అది చేతకాని పనేం కాదు.

ఖర్చు పెరుగుద్ది, ఎస్‌ఎఫ్‌టీ రేటు పెరుగుద్ది అని బిల్డర్లు అంటారు. కొంచెం పెరుగుద్ది, నిజమే. కానీ బిల్డర్ మిగిల్చిన ఆ కొంచెం, కొన్నవాళ్ళు ముప్పై ఏళ్ళు ప్రతి ఎండాకాలం కరెంటు బిల్లులో కడుతున్నారు, ఆ లెక్క ఏ బ్రోచర్ లోనూ ఉండదు. ఇంకో అనుమానం కూడా నాకు తెలుసు, ఎన్ని రూల్స్ పెట్టినా కట్టేవాళ్ళు ఎట్లాగూ ప్లాన్ తప్పి డీవియేషన్ చేస్తారు, తర్వాత బీపీఎస్ అనే స్కీమ్ లో జరిమానా కట్టి రెగ్యులరైజ్ చేయించుకుంటారు అని. 2015 లో ఒకసారి, 2019 లో ఒకసారి, మళ్ళీ 2025 లో బీపీఎస్ వచ్చింది, నిజమే, రూల్ పాటించినవాడు పిచ్చివాడు అన్న భావన జనంలో వచ్చేసింది, దాని మీద వేరే ఉత్తరమే రాయాలి. కానీ కిటికీ విషయంలో తేడా ఉంది. సెట్‌బ్యాక్ వదలమంటే ఓనర్ కి స్థలం పోద్ది కాబట్టి ఎగ్గొడతాడు, గాలి వెలుతురు వచ్చే కిటికీ పెట్టుకోమంటే అది అతని ఇంటికే లాభం, తెలిస్తే ఎవరూ వద్దనరు. పోనీ వచ్చే బీపీఎస్ లో అయినా డబ్బు ఒక్కటే తీసుకుని వదిలెయ్యకుండా, పైకప్పు తెల్లగా చేయించి ఫోటో పెడితేనే రెగ్యులరైజ్ చేస్తాం అని ఒక షరతు పెట్టమనండి, ఆ పాత బిల్డింగుల్లో ఉన్నవాళ్ళకైనా మేలు జరుగుద్ది.

చివరగా మీ పేపర్ కి ఒక విన్నపం. వచ్చే ఎండాకాలం మీ విలేఖరుల చేతికి తలా ఒక థర్మామీటర్ ఇచ్చి, బెంజ్ సర్కిల్ లో మిట్టమధ్యాహ్నం ఎంత ఉందని కాకుండా, రాత్రి పది గంటలకి ఒక గ్రూప్ హౌస్ పై ఫ్లోర్ లో, ఒక టిడ్కో ఫ్లాట్ లో, గుణదల కొండ మీద ఒక రేకుల ఇంట్లో, ఒక పాత పెంకుటింట్లో ఎంతెంత ఉందో కొలిపించి, వరసగా వారం రోజులు జిల్లా ఎడిషన్ లో వెయ్యండి. టౌన్ ప్లానింగ్ వాళ్ళు, రాజధాని పనులు చూసే సీఆర్డీఏ వాళ్ళు రోజూ మీ పేపర్ చదువుతారు. ఏ ఇళ్ళల్లో కొలవాలో కావాలంటే నేను దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
మాచవరం, విజయవాడ